కొంగుతో తుడిచిన గాజు బిళ్ళ

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, సాయంత్రం నాలుగూ ఇరవైకి మా చెల్లెలి మనవరాలు నరసరావుపేటలో మా ఇంటికి వచ్చింది. చెన్నైలో పరిశోధన చేస్తోంది. నాలుగు నెలలు ఎదురుచూస్తే హైదరాబాదులో ఒక ప్రయోగశాల యంత్రం రెండు రోజులకు దొరికిందట. బుధవారం అక్కడ ఉండాలి. దారిలో ఒక పూట నా దగ్గర.

చేతిలో అగ్గిపెట్టెంత డబ్బా, అందులో గాజు బిళ్ళ. దాని మీద సిలికాన్ గోళాలు. ఒక్కోటి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు.

"వెలుగు లోపలికి పోతే గోడ వెంబడే గిర్రున తిరుగుద్ది అమ్మమ్మా, తొందరగా బయటికి రాదు. చిప్పుల్లో కరెంటుకు బదులు వెలుగుతో కబురు పంపాలంటే ఇట్లాంటియ్యే కావాలి."

చిన్నప్పుడు ఎండిన గుండ్రటి బావిలోకి దిగి గోడకు నోరు ఆనించి నేను గుసగుసలాడితే, అవతలి వైపున్న మా చెల్లెలికి వినపడేది. అది చెప్పాను.

"అచ్చం అదే!" అని గంతేసి, మొహం కడుక్కోవడానికి వెళ్లింది.

డబ్బా మూత తీసే ఉంది. గాజు మధ్యలో బూడిదరంగు మరక. నా కళ్లజోడునే రోజుకు ఏడుసార్లు తుడుచుకునే మనిషిని. కొంగుతో నాలుగు రుద్దులు రుద్దాను.

"అమ్మమ్మా, ఏంది ఇది ఇంత తళతళలాడతంది?"

"మరక పడిందే. తుడిచా."

"మరక కాదు, నా పని!"

కుర్చీలో కూలబడింది. పెట్టిన టీ ఇద్దరం ముట్టలేదు.

"ఏమే, లే. ఏడుపు తర్వాత. మిగిలినయ్ లెక్కపెడదాం పద" అన్నాను.

పక్కింటి లెక్చరరు తన కాలేజీలో మైక్రోస్కోపు గది తెరిపించారు. మంచి గోళాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పిల్ల గీసుకున్న పటం ఉంది, మొత్తం నలభై రెండు. తను చూసి "లేదు, లేదు, ఇదీ లేదు" అంటుంటే నేను పెన్సిలుతో కొట్టేస్తూ పోయాను. కొంగు అందని అంచున తొమ్మిది దొరికాయి. నన్నూ చూడమంది. నల్లని పూసలు, ఎక్కడా వంక లేదు. వయసు మరిచి చప్పట్లు కొట్టాను.

"ఇయ్యి చాలా?"

"మంచిది ఒక్కటున్నా చాలు. నువ్వు మాత్రం ఇంక దేన్నీ తుడవబాక!"

పొద్దున బయల్దేరేముందు కత్తెర తెచ్చి, "మిగతాయి ఇందులోనే ఉన్నయ్" అంటూ నా కొంగు జానెడు కత్తిరించి డబ్బాలో పెట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం రెండూ పదికి ఫోను.

"తిరిగింది అమ్మమ్మా! ఏడో దాంట్లో! తెర మీద గీత సూదిమొనలాగా లేచింది!"

గీత ఎంత సన్నగా లేస్తే వెలుగు అంత సేపు తిరిగినట్టట. ఎన్ని తిరుగుళ్లో లెక్కకట్టి చెప్పమన్నాను. నవ్వి, చెబుతానంది.

పోయినవి: గోళాలు ముప్పయి మూడు. నేత చీర కొంగు జానెడు. టీ రెండు కప్పులు.