చర్లను ఆపిన రూల్ నాదే

చాలా ఏళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

అడవి ఊళ్లకు సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేరుతున్న రోజులు. భద్రాచలంలో ఒక ఆఫీసులో నెట్‌వర్క్ చూసేవాణ్ని. మండల కేంద్రాల నుంచి కులం సర్టిఫికెట్ల దరఖాస్తులు కంప్యూటర్లలో మాకు వచ్చేవి. చర్ల కేంద్రంలో ఆపరేటర్ నాగమణి. అడవిలో పోడు సాగు చేసుకునే ఇంటి పిల్ల. వాళ్ల ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి మనిషి.

హాస్టల్ సీటుకు ఆ సర్టిఫికెట్ తప్పనిసరి. సీట్లకు పిల్లలు దరఖాస్తు పెట్టుకునే వారంలో చర్ల నుంచి ఒక్క ఫారం కూడా రాలేదు. మూడో రోజు, గడువు ముగిసే సాయంత్రం, ఆమె ఫోన్ చేసింది.

"సార్, ఫారాలు పోతలేవు. లైను మంచిగనే ఉంది. మీ దిక్కు ఏమన్న ఆపిన్రా?"

"నా దిక్కేం లేదమ్మా. నువ్వే ఏదో తప్పు నొక్కినవ్."

"నేనేం నొక్కలే సార్. ఒక్కసారి చూడున్రి."

ఫోన్ పెట్టేశాక చూశాను. ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్‌కు కాపలా. దేన్ని రానివ్వాలో, దేన్ని ఆపాలో మేం రాసిపెట్టిన రూల్స్ ప్రకారం నడుచుకుంటుంది. అది ఆపినవన్నీ లాగ్ అనే చిట్టాలో ఉంటాయి. తెరిస్తే వరుసగా చర్లే. ఆపిన రూల్ నేను రాసిందే. ఆ వారం మొదట్లో వైరస్ పట్టిన కొన్ని కంప్యూటర్లను ఆపబోయి, కంప్యూటర్ అడ్రసుల పరిధి అవసరానికి మించి రాశాను. చర్ల కూడా అందులో పడింది.

సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఫారాలు రావడం మొదలైంది, కానీ అప్పటికే గడువు దాటిపోయింది. ఏమైందని పై అధికారి అడిగితే, ఆపరేటర్‌కు పని రాదని రాసిచ్చాను.

నాగమణిని తీసేశారు. సీట్లు పోయిన పిల్లల తల్లిదండ్రులు ఆమె ఇంటి ముందుకొచ్చి తిట్టారని తర్వాత విన్నాను.

ఎందుకు రాశాను? ఉద్యోగం పోతుందనే భయమా? ఇన్నాళ్లూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ చర్లలో ఇంకెవరైనా, నోరున్న ఇంటివాడెవడైనా ఆ కుర్చీలో ఉంటే అలా రాసేవాణ్నా? రాసేవాణ్ని కాదు. ఆమె మాట ఎవరూ నమ్మరని నాకు తెలుసు. తెలిసే రాశాను.

పోయిన నెల చర్ల వెళ్లాను. నాగమణి కుట్టు మిషన్ పెట్టుకుంది. అంతా చెప్పాను. మిషన్ ఆపి విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. కాగితం, పెన్ను తెచ్చి, చెప్పిందంతా రాయమంది. రాసిచ్చాను. నెమ్మదిగా చదివి తిరిగి నా ముందుకు తోసింది.

"మీకు ఆ రోజే తెలిసిందని రాయలేదేంది సార్?"

నిజమే, రాయలేదు. అప్పుడు కూడా చెయ్యి దాన్ని దాటేసింది. రాసి, కింద సంతకం పెట్టాను. ఊళ్లో చూపించాల్సినవాళ్లు ఉన్నారని చెప్పి ఆమె కాగితం మడిచి లోపలికి తీసుకెళ్లింది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. బస్సు కోసం నడుస్తుంటే మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత ఊపిరి నిండుగా అందింది. ఇక ఎవరైనా వచ్చి అడిగినా, అవును, నేనే అంటాను.