వెనక పేజీలో ఉండిపోయిన విత్తనం

ఇవాళ జొన్నల బస్తా విప్పగానే పాతర వాసన వచ్చింది. వాకిట్లో తవ్విన ఆ ధాన్యపు గొయ్యి మూత తీస్తే ముఖానికి కొట్టే వెచ్చని ఆవిరి, నా ఈడు వాళ్లకు గుర్తుందా? ఎదుటివాళ్లను ఒప్పించేలా ఇంగ్లీషులో ఎలా రాయాలని పిల్లలు అడిగినప్పుడల్లా నాకు ఆ పాతరే గుర్తొస్తుంది.

నిజాం కాలం. నారాయణఖేడ్‌లో మా ఇంటి నుంచి తప్పనిసరిగా కొలవాల్సిన లెవీ ధాన్యం కింద విత్తనపు జొన్నలు కూడా సర్కారు వాళ్లు తీసుకుపోయారు. విత్తే వాన పడింది. పాతర అడుగు ఊడ్చినా చేటెడు గింజలు రాలేదు. ఇంగ్లీషు చదివే పెద్ద అధికారి వస్తున్నాడని, బీదర్‌లో చదివిన చిన్నాయన అర్జీ రాయడానికి కూర్చున్నాడు.

"మొదలు విత్తనం సంగతి రాయి. విత్తకుంటే వచ్చే ఏడు లెవీ యాడికెల్లి తెస్తమని అడుగు" అంది అమ్మ.

"అర్జీ గట్లుండది వదినా. మొదలు హుజూర్‌ను పొగడాలె. లేకుంటే గుస్సా అయితడు."

మొదటి పేజీ నిండా పొగడ్తే రాశాడు. అమ్మ చెప్పిన మాట వెనక పేజీకి పోయింది.

అధికారికి అర్జీ ఇచ్చి, సాయంత్రం చిన్నాయన నవ్వుతూ వచ్చాడు. "మోటారు కాడ నిలబడి చదివిండు. నా ఇంగ్లీషు మంచిగున్నదన్నడు."

"విత్తనం ఇస్తనన్నడా?"

చిన్నాయన నవ్వు ఆగిపోయింది. "కాయిదం తిప్పి సూడలే వదినా. జల్దీల ఉండె."

మర్నాడు నాన్న విత్తే గొర్రును ఇంట్లోనే ఉంచి చేనుకు పోయాడు. నేల తడి ఆరేదాకా రోజూ పోయి, గట్టు మీద కూర్చుని వచ్చేవాడు.