అట్టలత్త బొటనవేలు

కాలేజీ వెనక సందులో పుస్తకాలకు అట్టలు వేసే దుకాణం ఒకటుంది. దాన్ని నడిపే ఆమె అసలు పేరు ఆ సందులో ఎవరికీ తెలియదు. ఇరవై ఏడేళ్ళుగా అట్టలు వేస్తోంది కాబట్టి ఎప్పుడో ఎవరో విద్యార్థి సరదాగా "అట్టలత్త" అన్నాడు, అదే ఖాయమైపోయింది. పక్కన జెరాక్సు షాపు నడిపే అరవై ఏళ్ళ పెద్దాయన కూడా ఆమెను అత్తా అనే పిలుస్తాడు. మొదట్లో ఆమె ముఖం చిట్లించుకునేది, తర్వాత అలవాటు పడిపోయింది.

దుకాణంలో పనిచేసేది ఇద్దరే, ఆమె, ఆమె భర్త. కాగితాల కట్టను మిషనులో బిగించి, పిడి లాగి, ఒక్క వేటుకు అంచు కోసేయడం అతని పని. మిగతా చాకిరీ అంతా ఆమెది. పేజీలు లెక్కపెట్టాలి. మడతపెట్టి, ఆ మడతను బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రావాలి. కుట్టాలి, జిగురు రాయాలి, చివరికి అంచుల్ని గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. పరీక్షల ముందు రోజుల్లో ఈ పని ఊపిరాడనివ్వదు.

అలాంటి రోజుల్లోనే ఒక సోమవారం పొద్దున ఆమె ఫోను తెరుచుకోలేదు.

ఎవరో అమ్మాయి తన పుస్తకం వీపు మీద వేయాల్సిన అక్షరాలు మెసేజ్‌లో పంపింది. చూద్దామని అట్టలత్త ఎప్పటిలాగే బొటనవేలు పెట్టింది. ఫోను ఒకసారి వణికి ఊరుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ వణికింది. జిగురు అంటిందేమోనని చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, వేలి మీద ఊదుకుని మరీ పెట్టింది. వేలిని గుర్తుపట్టలేదని తెర మీద అక్షరాలు వచ్చాయి. రెండేళ్ళుగా రోజుకు నలభైసార్లు చూస్తున్న వేలిని ఇవాళ కొత్తగా గుర్తుపట్టకపోవడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. చివరికి నంబరు కొట్టి తెరిచింది.

జెరాక్సు షాపాయన తనకు తెలిసిన వైద్యం చెప్పాడు. ఒకసారి ఆపేసి మళ్ళీ వేస్తే ఏ జబ్బయినా కుదురుతుందన్నాడు. ఆమె అలాగే చేసింది. ఈసారి ఫోను వేలు కూడా అడగలేదు, నేరుగా నంబరే కొట్టమంది. ఆపి వేసిన ప్రతిసారీ మొదట నంబరు అడగడం దాని పద్ధతని ఇద్దరికీ తెలియదు. ఉన్నది కాస్తా ఊడిందనుకుని ఆమె బిక్కముఖంతో నంబరు కొట్టింది. ఆయన మెల్లగా తన షాపులోకి జారుకున్నాడు.

మధ్యాహ్నం భర్త ఆ ఫోను అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తన వేలు పెట్టాడు. ఫోను టక్కున తెరుచుకుంది.



"మీ వేలికెలా తెరుచుకుంది?" అంది ఆమె.

"నాకేం తెలుసు?" అన్నాడతను, తన వేలిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ.

ఆ మాట ఆమె నమ్మలేదు. సాయంత్రం దాకా అతనితో ముభావంగానే ఉంది. వేరే ఊళ్ళో నర్సుగా పనిచేసే కూతురు ఫోన్ చేసినప్పుడు గానీ సంగతి తెలియలేదు. ఫోను కొన్నరోజున, అవసరానికి పనికొస్తుందని నాన్న వేలు కూడా అందులో ఎక్కించింది తానేనట. ఆ చిక్కు వీడింది గానీ అసలు చిక్కు ఇంకా బిగిసింది. ఫోను చెడిపోతే అందరికీ చెడిపోవాలి కదా. సొంతదారైన తనను వదిలేసి ఆయన్ని మాత్రం ఎందుకు పట్టుకు కూర్చుంది?

మర్నాడు ఆమె రెండు వీధుల అవతల ఫోన్లు బాగుచేసే అతని దగ్గరికి వెళ్ళింది. అందరూ అతన్ని ఫోన్ల డాక్టరు అంటారు. అతను తెర మీది పలుచటి అద్దం పొర ఊడదీశాడు, మందులో ముంచిన దూదితో తుడిచాడు, లోపలున్న పాత వేలిముద్రలన్నీ తీసేశాడు. ఇక కొత్తగా పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. తెర మీద ముద్ర బొమ్మ పావు వంతు నిండి ఆగిపోయింది. కాస్త నొక్కి పెట్టమన్నాడు, కాస్త తేలిగ్గా పెట్టమన్నాడు, పక్కకు వాల్చమన్నాడు. కుడిచేతి వేళ్ళన్నీ అయ్యాయి, ఎడమచేతికి వచ్చారు. ఒక్కటీ పూర్తిగా నిండలేదు. అతను విసుగొచ్చి తన వేలు పెట్టి చూశాడు. పది అంకెలు లెక్కపెట్టేలోపు నిండిపోయింది.

అప్పుడతను ఆమె చెయ్యి అడిగి, చిన్న చిన్న తీగలు అతికేటప్పుడు వాడే భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"అక్కా, ఫోనుకేం కాలేదు. మీ వేళ్ళ మీదే గీతలు లేవు."

"లేకపోవడమేంటి? వేళ్ళున్నాయి కదా?"

"వేళ్ళున్నాయి. గీతలు అరిగిపోయాయి. మీరు ఇటుకల పని చేస్తారా?"

పుస్తకాలకు అట్టలు వేస్తానని చెప్పింది. ఇప్పుడు తికమకపడటం అతని వంతయింది. ఇటుకలు మోసేవాళ్ళకీ, రోజంతా గిన్నెలు తోమేవాళ్ళకీ ఇలా కావడం అతను చూశాడట. మెత్తని కాగితానికి వేలు ఎలా అరుగుతుందో అతనికీ తెలియలేదు. కొన్ని వారాలు వేళ్ళకు రాపిడి లేకుండా చూసుకుంటే గీతలు మళ్ళీ వస్తాయని మాత్రం చెప్పి పంపాడు.

ఆమె దారి పొడుగునా చెయ్యి చూసుకుంటూనే నడిచింది. దుకాణానికి రాగానే రబ్బరు ముద్రల కోసం ఉంచిన సిరా పెట్టె తెరిచి, తెల్లకాగితం మీద బొటనవేలు వేసింది. నున్నటి నల్లమచ్చ పడింది. భర్తను పిలిచి అతని వేలూ వేయించింది. గీత గీతా విడివిడిగా, సుడి తిరిగి పడింది. అతను రెండు ముద్రల్నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"బ్లేడు అరిగితే వారం తిరక్కుండా సాన పట్టిస్తాను," అన్నాడు చివరికి. "నీ వేళ్ళ సంగతి ఒక్కరోజూ చూడలేదు."

 రేపు ఏదైనా ఆఫీసులో వేలిముద్ర వేయమంటే నేను నేనేనని ఎలా చెప్పుకోవాలి అని అడిగింది ఆమె. 

ఆమెకు మింగుడుపడనిది ఇంకొకటుంది. ఆ గీతలు లేని వేళ్ళకు కాగితం సంగతి మాత్రం బాగా తెలుసు. కళ్ళు మూసుకుని కట్టను తడిమితే ఒక పేజీ ఎక్కువైందో తక్కువైందో చెప్పేస్తాయి. కాగితం తిరగేసి పెడితే పట్టేస్తాయి. అన్నీ తెలిసిన వేలు ఎవరికీ తెలియకుండా ఎలా పోయిందా అని ఆమె ఎంత ఆలోచించినా తెగలేదు.

మొదట చేతి తొడుగులు వేసుకుని చూసింది. ఒక గంటలో రెండుసార్లు సూది పోగొట్టుకుంది, ఒక పుస్తకంలో నలభయ్యో పేజీ తర్వాత ముప్పయ్యో పేజీ కుట్టేసింది. తొడుగులు తీసి విసిరికొట్టింది. అప్పుడు భర్తే మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి, నువ్వు అక్కడ నిలబడు, మడతలూ రుద్దడమూ నేను చూసుకుంటానన్నాడు.

అతని కుట్టు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటి పుస్తకం మూడుసార్లు విప్పించింది. ఆమె మాత్రం తక్కువ తిన్నదా, మొదటిరోజు బ్లేడు దిగుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుంది. అతను కూర్చున్నచోటి నుంచే, కళ్ళు తెరిచి కొయ్యి, లేకపోతే పేజీల అంకెలు కూడా తెగిపోతాయని అరిచాడు. రెండో వారానికి ఆమె చెయ్యి కుదిరింది. కట్టంతా ఒక్కసారిగా తెగి, తుంపులు నేలమీద రాలుతుంటే ఆమెకు అదో రకం హాయిగా ఉండేది. ఇన్నేళ్ళూ ఈయన ఈ సుఖం ఒక్కడే అనుభవించాడన్నమాట అనుకుంది.

నెల దాటాక ఫోన్ల డాక్టరు మళ్ళీ ప్రయత్నించాడు. ఎడమచేతి మధ్యవేలును ఫోను తీసుకుంది. తర్వాత కుడిచేతి ఉంగరపు వేలినీ తీసుకుంది. బొటనవేలు ఎక్కిందనిపించింది గానీ ఒకరోజు ఔనంటుంది, రెండురోజులు కాదంటుంది. చలిగా ఉన్న పొద్దుటిపూట అసలు పలకదు. ఎందుకని అడిగితే అతను తల గోక్కున్నాడు. ఆమె అడగడం మానేసింది. ఔనన్నరోజు తెరిచి చూస్తుంది, కాదన్నరోజు నంబరు కొట్టుకుంటుంది.

పరీక్షలు అయిపోయి సందు ఖాళీ అయ్యాక భర్త తన మిషను తనకిచ్చేయమన్నాడు. వేళ్ళు మండుతున్నాయన్నాడు, నడుము పట్టేసిందన్నాడు. ఆమె పిడి మీద చెయ్యి తియ్యకుండానే జవాబిచ్చింది.

"బొటనవేలు ఇంకా పూర్తిగా రాలేదండీ. వచ్చాక చూద్దాం."

అతను ఆమె బొటనవేలి వైపు అనుమానంగా చూసి, సూదిలో దారం ఎక్కించుకోవడానికి వెళ్ళాడు.