పోలిక మనిషి

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ మిషన్లాయన అనేవారు. ముప్పై నాలుగో ఏట ఆయన జీవితంలోకి విశ్వవిద్యాలయం ప్రవేశించింది. చంకలో అట్ట, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఒకాయన వచ్చాడు. కథల పుస్తకాలు చదివితే మనుషులు మారతారా లేదా అని తేల్చడానికి ఈ వీధిని ఎంచుకున్నామన్నాడు. సరిసంఖ్య ఇళ్ళకు నెలకో పుస్తకం ఉచితం. బేసిసంఖ్య ఇళ్ళకు ఏమీ ఇవ్వరు. మిషన్లాయనది పదకొండో నంబరు.

"మరి మా ఇంటికెందుకొచ్చారు?"

"చదివినవాళ్ళని చదవనివాళ్ళతో పోల్చాలి కదండీ. ఏడాదికోసారి వచ్చి యాభై రెండు ప్రశ్నలు అడుగుతాం. మీరు మాకు పోలిక మనిషి."

"నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు. అదే మీ పని."

ఇంత తేలికైన ఉద్యోగం గుమ్మంలోకి నడిచొస్తే కాదనడమెందుకని మిషన్లాయన సంతకం పెట్టేశాడు.

పెట్టాక మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. ఈ ఏడాది ఎన్నిసార్లు ఏడ్చారు, ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద జాలి కలిగిందా, కోపం వస్తే ఎంతసేపుంటుంది: ఇవీ ప్రశ్నలు. నోటికొచ్చింది చెబితే చదువుకున్నవాళ్ళని మోసం చేసినట్టవుతుందని, కొట్లో గోడ మీద సుద్దతో గీతలు పెట్టేవాడు. ఏడుపు వరసలో ఏటా ఒకటో రెండో ఉండేవి. కోపం వరస తలుపు దాకా పాకేది.

"ఎవరో అడుగుతారని ఏడుపులకి గీతలు పెట్టుకునే మనిషిని మిమ్మల్నే చూశాను" అనేది భార్య.

ఏళ్ళు గడిచాయి. బేసి వరసలో కొందరు పోయారు, కొందరు ఇళ్ళు మారారు. తొమ్మిదో నంబరు వాళ్ళమ్మాయి కాలేజీలో చేరడంతో ఇంట్లోకి పుస్తకాలు జొరబడ్డాయని వాళ్ళని తీసేశారు. ఇరవై ఒకటో ఏటికి మిగిలింది మిషన్లాయన ఒక్కడే. అప్పుడు పరిశోధన నడిపే మేడమే స్వయంగా కారులో వచ్చింది.

"మీరే మాకు దిక్కండీ. మీకేమన్నా అయితే ఇరవై ఏళ్ళ పని గంగలో కలుస్తుంది. చదవొద్దని మేం చెప్పకూడదు, రూల్స్ ఒప్పుకోవు. కానీ చదవకపోతే బాగుంటుంది."

ఆ తర్వాత ఆయన తుమ్మితే విశ్వవిద్యాలయం నుంచి డాక్టరు దిగేవాడు. రోడ్డు దాటుతుంటే ఇద్దరు పరిశోధక విద్యార్థులు చెరో రెక్కా పట్టుకునేవారు. అల్లుడి హోదాలో కూడా ఇంత మర్యాద ఎరగనని ఆయన పొంగిపోయేవాడు.

ఇలా ఉండగా భార్య కంటికి ఆపరేషన్ అయింది. పదిహేను రోజులు చదవకూడదన్నారు. ఆమె పుస్తకాల పురుగు; పోలిక మనిషి ఆయనే కాబట్టి ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. అప్పుడే ఒక నవల మధ్యలో ఉంది, అందులో ఓ పడవవాడు వరదలో ఇరుక్కుని ఉన్నాడు.

"కాస్త చదివి పెట్టండి."

"నేను చదవకూడదు. మేడం ఏమనుకుంటుంది?"

"అయితే రేపటి నుంచి మేడంనే వచ్చి వండిపెట్టమనండి."

మిషన్లాయన చాలాసేపు ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టాడు. "సరే, చదువుతాను. కానీ వినను." చెవుల్లో దూది పెట్టుకుని, రేడియోలో బజారు ధరలు చెప్పేవాడిలా చదవడం మొదలుపెట్టాడు. రెండు రోజులు నిష్ఠగా ఏమీ వినలేదు. మూడో రోజు మధ్యాహ్నం భార్య ఇక చాలంది. ఆయన ఆపలేదు. దూది ఎప్పుడు తీసేశాడో ఆయనకే తెలియదు.

ఆ ఏడాది ప్రశ్నలకి వేళయింది. ఇప్పుడు జుట్టంతా నెరిసిన పెన్సిలాయన అట్ట తీశాడు.

"ఎన్నిసార్లు ఏడ్చారు?"

"పదకొండు."

పెన్సిలు ఆగింది. "అయ్యో, ఎవరైనా పోయారా?"

"పోయాడండీ. పడవ నడిపేవాడు."

"దగ్గర చుట్టమా?"

"కాదు. నూట డెబ్బై రెండో పేజీలో."

మర్నాడే విశ్వవిద్యాలయంలో మీటింగు పెట్టి ఆయన్ని పిలిపించారు. సాహిత్య విభాగం చప్పట్లు కొట్టింది. గణాంకాల విభాగం తల పట్టుకుంది. మనస్తత్వ విభాగం పెద్దాయన గొంతు సవరించుకుని, "ఆ నవల మర్చిపోగలరా? ఆర్నెల్లు గడువిస్తాం" అన్నాడు.

మిషన్లాయన నిజంగానే ప్రయత్నించాడు. మిషన్ షటిల్ ఏ డబ్బాలో పెట్టాడో మర్చిపోయాడు, బావమరిది ఫోన్ నంబరు మర్చిపోయాడు. పడవవాడు మాత్రం పోలేదు.

గడువు ముగిశాక మేడం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. మిషన్లాయన భార్య కాఫీ ఇస్తూ, "ఉండబట్టలేక అడుగుతున్నాను మేడం, ఎదురు వరసవాళ్ళు చదివారా అని ఎప్పుడైనా అడిగారా?" అంది.

యాభై రెండు ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు. మేడం గబగబా ఎదురు వరసంతా తిరిగింది. రెండో నంబరులో పుస్తకాలు కుంటి మంచం కింద ఉన్నాయి. ఆరో నంబరులో వాటి మీద నిలబడి బల్బు మారుస్తున్నారు. మిగతావాళ్ళు వచ్చినవి వచ్చినట్టే పదకొండో నంబరావిడకి ఇచ్చేశారు, ఆవిడకి చదివే పిచ్చి కదా అని. ఇరవై ఒక్క ఏళ్ళలో వీధి మొత్తానికి ఆ పుస్తకాలు చదివింది పోలిక ఇంటివాళ్ళే.

మేడం కొట్లో స్టూలు మీద కూలబడి, ముందు కాసేపు నవ్వింది, తర్వాత ఏడ్చింది. మిషన్లాయన మొహమాటపడి, ఆ గీత కూడా గోడ మీద పెట్టాలా అని అడిగాడు.

చివరికి నాలుగొందల పేజీల నివేదిక వచ్చింది. ఈ విషయంపై ఇంకా పరిశోధన జరగాలి అని తేలింది. పదకొండో నంబరు ఇంటి వ్యక్తిని తొలగించడమైనదని అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. మేడం సిగ్గుపడుతూ ఒక కాపీ ఆయనకి పంపింది. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. వారం రోజులు కూర్చుని చదివి, దర్జీ సుద్దతో అక్కడక్కడా కొట్టేసి, "రెండో అధ్యాయంలో చెప్పిందే నాలుగోదాంట్లోనూ చెప్పారు. దారం చిక్కుపడ్డ చోట తుంచెయ్యండి" అని రాసి తిప్పి పంపాడు.

మేడం తుంచేసింది. నివేదికకి మంచి పేరొచ్చింది. కబురు విభాగాలన్నిటికీ పాకింది. ఇప్పుడు ఆయన కొట్లో చరిత్ర, భాషాశాస్త్రం, ఆర్థికశాస్త్రం సిద్ధాంతవ్యాసాలు నూనె మరకలతో వరసగా ఉంటాయి. మిషన్ల రిపేరుకి రెండు రోజులు, వ్యాసాల రిపేరుకి నెల.

మొన్న సామాజికశాస్త్రం అమ్మాయి ఒకతె వచ్చి భయం భయంగా నిలబడింది.

"నాదెలా ఉందండీ?"

"కుట్టు గట్టిగానే ఉందమ్మా" అన్నాడాయన కళ్ళజోడు పైకి తోసుకుని. "మూడొందల పేజీలు తిరగేశాను, ఒక్క మనిషి తగల్లేదు. వెళ్ళి ఎవరినైనా ఒకరిని తీసుకురా."