ఇంజనుకు చలువ

మా మామగారు పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఆయన కారులో వెనక సీటు మీద కూర్చుని ఉండరు. నేను కూర్చున్నాను. అందుకే ఇప్పటికీ ఆయన పేరెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఉద్దానంలో మాకు కొబ్బరితోట ఉండేది. దేశం విడిచి పోతున్న తెల్లదొర కంట్రాక్టరు దగ్గర ఆయన ఒక పాత కారు కొన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళలో అదొక్కటే కారు, ఇక ఆయన్ని పట్టడానికి పగ్గాలు లేవు. తోలడం మా ఆయనే నేర్చుకున్నాడు. మామగారికి స్టీరింగు పట్టడం కూడా రాదు గాని ముందు సీట్లో కూర్చుని సలహాలన్నీ ఆయనే ఇచ్చేవాడు.

ఆ వేసవిలో ఇంజను మాటిమాటికీ కాగిపోవడం మొదలైంది. మా సముద్రపొడ్డు ఊళ్ళలో నూతినీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళు పోస్తే ఇనుము తుప్పు పడుతుందని ఆయన బెంగ. అంతవరకూ సబబే. ఆ తరవాత చేసిందే ఘనకార్యం.

"ఇంజనుకి వేడి సేసిందిరా. మడిసికి వేడి సేత్తే ఏటి తాగుతాడు? దానికీ అదే పొయ్యి, సలవ సేత్తాది" అని లేత బొండాలు కొట్టించి రేడియేటరులో పోయించాడు. రోజూ అదే వైద్యం. మా ఆయన బుర్ర ఊపుతూ పోశాడు. తండ్రి ముందు ఆ మహానుభావుడు నోరు మెదిపితే ఒట్టు. తీపి నీళ్ళు మరిగీ మరిగీ చివరికి ఏమవుతాయో వంటింట్లో ఎవర్నడిగినా చెబుతారు. మమ్మల్నెవరడిగారు? కోడలు మామగారి ఎదుట పడి మాట్లాడకూడదు, ఏదైనా చెప్పాలంటే మొగుడి ద్వారానే చెప్పించాలి. మొగుడేమో అలాంటివాడు.

ఒకరోజు పొద్దున్నే మా అన్న రైలు దిగి, పలాస నుంచి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. మా పుట్టిల్లు సంతబొమ్మాళి అవతల పల్లె. మా అమ్మకు జ్వరం ముదిరిపోయింది. "నిన్నే కలవరిత్తంది. ఎంటనే రావే. మజ్జాన్నం రైలుకి ఎల్లిపోదాం" అన్నాడు. అప్పటికే నా చీర మూట కట్టేశాను.

మామగారు వాకిట్లోంచే కేకేశాడు. "ఇంట్లో కారెట్టుకుని రైలేటి? నా కోడలు రైలెక్కి ఎల్లిందంటే నలుగురూ ఏటనుకుంటారు?"

అన్న రైలుకు వెళ్ళిపోయాడు. నేను కారెక్కాను. ఆయన ముందు సీట్లో తలపాగా చుట్టుకుని బయల్దేరాడు, వియ్యాలవారి ఊరికి కారులో వెళ్ళడం కదా! కాళ్ళ దగ్గర బొండాల గెల. అక్కడ మా అమ్మ ప్రాణం పోతుంటే ఈయనకు పెళ్ళికి పోయినట్టు ఉంది.

నందిగాం చేరకముందే పొగలు కక్కి ఆగింది. చల్లారేదాకా చింతచెట్టు కింద కూర్చుని, రెండు బొండాలు దానికి పోసి, ఒకటి ఆయన తాగి బయల్దేరదీశాడు. టెక్కలి దాటి సంతబొమ్మాళి రోడ్డు పట్టాక మళ్ళీ ఆగింది. ఈసారి బానెట్టు సందుల్లోంచి బుస్సుమని ఆవిరి. నాకు కాలు నిలవలేదు. దిగి మా ఆయన పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

ఆయన ఫ్యాను పట్టా లాగి చూశాడు, బిగువుగానే ఉంది. నీళ్ళెక్కడా కారడం లేదు. తడిగోనె వేసి భయంభయంగా రేడియేటరు మూత తిప్పాడు. నీళ్ళు నిండుగా ఉన్నాయి, పొంగలేదు కూడా. నేను రేడియేటరు మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా ఉంది. దాని వెనకే ఇంజను మాత్రం పెనంలా కాలిపోతోంది.

"బావా, పొయ్యి మీదున్న నీళ్ళు మరిగిపోతన్నాయి. సల్లార్సే కాడికి రావట్నేదు. మజ్జిలో ఏదో అడ్డు పడిపోనాది" అన్నాను. వరసకు ఆయన నాకు బావే.

ఆయన మొహంలో వెలుగొచ్చింది. "థర్మోస్టాటు! గొట్టం మొదట్లో ఒక ఇత్తడి తలుపు ఉంటాది. ఇంజను వేడెక్కితే తెరుసుకుని నీళ్ళు ఒదలాల. అది మూసుకుని అంటుకుపోనాది. రెండు బోల్టులిప్పి అది తీసి పారేత్తే సాలు, మీ ఊరెల్లిపోవచ్చు" అన్నాడు. ఆ కంట్రాక్టరు ఒకసారి విప్పి చూపించాడట. రెంచి తీశాడు.

మామగారు కర్ర అడ్డం పెట్టాడు. "దొరలు బిగించింది నువ్విప్పుతావురా? ఎవడిచ్చాడు నీకా పెద్దరికం? సల్లారనీ. అదే నడుత్తాది."

మా ఆయన రెంచి కింద పెట్టేశాడు. పెట్టేశాడండీ! అక్కడ మా అమ్మ నా పేరు కలవరిస్తోందని తెలిసీ పెట్టేశాడు. పెళ్ళయ్యాక మొదటిసారి మామగారి మొహంలోకి సూటిగా చూసి మాట్లాడాను.

"మీ కారూ వద్దు, మీ సలవా వద్దు. మా అమ్మ బతికుండగా నాను సూడాల" అని చీర ఎగదోపి నడిచాను. వెనకనుంచి ఆయన ఏమేమో అరిచాడు. తిరిగి చూడలేదు. ఎండలో, చెప్పుల్లేకుండా, ఏడుస్తూ తిడుతూ, తిడుతూ ఏడుస్తూ నడిచాను.

అమ్మ బతికే ఉంది. అన్న నాకంటే ముందే చేరి అమ్మ తలదగ్గర కూర్చున్నాడు, వదిన విసురుతోంది. అమ్మ నన్ను గుర్తుపట్టింది. నా చెయ్యి పట్టుకుని కాళ్ళ దుమ్ము చూసి "ఎలాగొచ్చావే?" అంది. అబద్ధం చెప్పాల్సింది. నోరు జారాను.

"నడిసొచ్చీసానమ్మా. కారు ఆగిపోతే మావని రోడ్డు మీదే ఒగ్గీసి వచ్చీసాను."

అమ్మ నా చెయ్యి వదిలేసింది. "ఓలమ్మా! మావగార్ని రోడ్డుమీద ఒగ్గీసి వచ్చీసావా? నీకు బుద్ధి నేదేటే? నా పెంపకం ఇదేనా అనుకోరూ? ఎల్లు. ఎదురెల్లి మరియాదగా తీసుకురా. కాళ్ళకి నీళ్ళియ్యి." ఒక్కొక్క మాటకీ ఆయాసపడుతోంది. కదలనంటే ఇంకా ఆయాసపడి చెప్పబోయింది. భయమేసి లేచాను.

వాకిట్లోకి వచ్చేసరికి కారు వస్తోంది. ఆవిరి లేదు, ఆగడం లేదు. దిగుతూనే మామగారు "సూసావా, సల్లారీసరికి ఎలాగొచ్చిందో" అన్నాడు. వెనక మా ఆయన తువ్వాలు మడత విప్పి నాకు చూపించాడు. అందులో ఆ ఇత్తడి తలుపు, దాని చుట్టూ నల్లగా మాడిన పాకం. నేను వెళ్ళిపోయాక, తండ్రి చెట్టు నీడన కునుకు తీస్తుంటే విప్పేశాడట.

చెంబుతో నీళ్ళు తెచ్చి మామగారి కాళ్ళ మీద పోశాను. ఒక కాలు కడుక్కుని రెండో కాలు ముందుకు పెట్టాడు. లోపల వదిన గొల్లుమంది. నేను చెంబు కింద పెట్టబోతే ఆయన "ఈ కాలు కూడా" అన్నాడు.