అవ్వ పాటలున్న హార్డ్ డిస్క్

ఆ మధ్యాహ్నం తమిళనాడులో, కోవిల్‌పట్టిలోని మా ఇంట్లో ఉన్నది ఇద్దరం: నేను, మా మేనత్త. బల్ల మీద పక్క మూత తీసిన నా డెస్క్‌టాప్, ఒక స్క్రూడ్రైవర్, నాలుగు స్క్రూలు, ఒక డేటా కేబుల్, విరుదునగర్ నుంచి అత్త పాత చీర ముక్కలో చుట్టి తెచ్చిన హార్డ్ డిస్క్.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఎలక్ట్రానిక్స్ చదివాను. కరెంటు అందనిదే ఏ యంత్రమూ నడవదు.

ఆ డిస్క్‌లో మా అవ్వ పాటలున్నాయి. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ రాయడం పెద్దవాళ్లెవరికీ రాదు. నేనూ ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను. కులదేవత పాటలు నోటి నుంచి నోటికి రావలసిందే. అవ్వ పోయాక ఆ నెల పూజలో పాడాల్సింది అత్త. ఆమె సగం మరిచిపోయింది. అవ్వ ఉండగా అత్త తన కంప్యూటర్‌లో రికార్డు చేసిన పాటలే దిక్కు. ఆ కంప్యూటర్ పాడైంది. అందులోని డిస్క్‌ను నా దాంట్లో రెండో డిస్క్‌గా బిగిద్దామనుకున్నాను.

స్క్రూలు బిగించి, డేటా కేబుల్ గుచ్చాను. డిస్క్‌కు కరెంటు ఇచ్చే పవర్ కేబుల్ కోసం లోపల చేయి పెడుతుంటే అత్త ఆపింది.

"ఉండురా. కొత్తగా ఒకటి చేరుస్తా ఉండావు, బొట్టు పెట్టొద్దా?"

మావాళ్లు ట్రాక్టరుకైనా మిక్సీకైనా బొట్టు పెట్టందే వాడరు. లోపల తడి తగిలితే పాడవుతుందన్నాను.

"మీ అవ్వ ఉండాది దాంట్లో. నీ మిషను కన్నా ఆమె పెద్దది గదా."

వాదించలేక మూత బిగించి, పైన పెట్టుకోమన్నాను. చందనం, కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించింది.

ఆన్ చేశాను. రెండో డిస్క్ కనిపించింది. పదకొండు పాటలూ నా డిస్క్‌లోకి కాపీ చేసి, మొదటిది పెట్టాను. అవ్వ గొంతు వచ్చింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

తర్వాత కంప్యూటర్ ఆపి, డిస్క్ తిరిగి ఇద్దామని మూత తీశాను. దానికి పవర్ కేబుల్ లేదు. అది వైర్ల కట్టలోనే ఉంది, కట్టు కూడా విప్పలేదు. డేటా కేబుల్ గుండా డిస్క్‌కు కరెంటు రాదు.

అప్పుడు పవర్ ఇచ్చి చూశాను. డిస్క్ తిరగలేదు, కంప్యూటర్‌లో కనిపించలేదు. ఇంకో కంప్యూటర్‌లోనూ అంతే. మదురైలో పాడైన డిస్క్‌లు బాగుచేసే ఆయన విప్పి చూసి, మోటార్ బిగుసుకుపోయి చాలా కాలమై ఉంటుందన్నాడు.

అత్తకు చెబితే ఆశ్చర్యపోలేదు. "పూజకి కావాలని ఆమెకి తెలవదా," అని మళ్లీ పాట పెట్టమంది.

నా చదువులో దీనికి జవాబు ఇప్పటికీ దొరకలేదు. పూజలో అత్త పాటలన్నీ తడబడకుండా పాడింది. మొత్తం పదకొండు.