గౌరక్క చెప్పిన సాక్ష్యం

కోల్డ్‌రూమ్ తలుపు తెరవగానే ముఖానికి తగిలే ఆ చల్లటి వాసన నాకు ఇప్పటికీ పాతబడలేదు. అది గులాబీల వాసన కాదు. ఎగుమతికి పెంచే గులాబీలకు పెద్దగా వాసనే ఉండదు. కోసిన కాడల పచ్చివాసన, బకెట్లలో నిలిచిన నీళ్ళు, తడిసిన అట్టపెట్టెలు, అన్నీ కలిసిన వాసన అది. ఉద్దనపల్లి దగ్గర ఒక పూలతోటలో ప్యాకింగ్ షెడ్డు బాధ్యత ఇప్పుడు నాది. పొద్దున్నే ఆ తలుపు తీసినప్పుడల్లా గౌరక్క గుర్తుకొస్తుంది. పూలను చూడడం, మనుషులతో పని చేయించడం నాకు నేర్పింది ఆమే. అంతకంటే పెద్దదొకటి కృష్ణగిరిలో, విచారణ గదిలో, నా కళ్ళ ముందు చేసి చూపించింది.

నేను కుప్పంలో డిగ్రీ ముగించి, పని వెతుక్కుంటూ సరిహద్దు దాటి తమిళనాడులోని హోసూరు వచ్చాను. కెలమంగలం దారిలో ఉన్న ఒక గులాబీ తోటలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అక్కడి ప్యాకింగ్ షెడ్డుకు సూపర్‌వైజర్ గౌరక్క. కెలమంగలంలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. మొదట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళట. సన్నగా, పొడుగ్గా ఉండేది. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కునేది. పని చేసే ఆడవాళ్ళతో తమిళం, బెంగళూరు డ్రైవర్లతో కన్నడం, నాతో తెలుగు మాట్లాడేది. మూడింట్లోనూ గొంతు ఒకటే, పెంచడమూ లేదు, దించడమూ లేదు.

మొదటి రోజు నేను షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నేలంతా నీళ్ళు, ఆకులు. ఆమె నన్ను చూసి నవ్వింది.

“ఏం పాపా, ఆడే నిలబడినావు? రా. కాలు ఈడ్చొద్దు, ఎత్తి ఎత్తి పెట్టు. ఈ నేలని నమ్మేదానికి లేదు.”

ఆ నేల గురించి ఆమె మేనేజరుకు చాలాసార్లు చెప్పింది. నీళ్ళు పోయే కాలువ సరిచేయించమంది, అందరికీ సరిపడా రబ్బరు బూట్లు తెప్పించమంది. ఆయన ప్రతిసారీ “సీజన్ అయిపోనీ గౌరమ్మా” అనేవాడు. సీజన్ అయిపోయాక ఆ మాట ఎవరికీ గుర్తుండేది కాదు.

ఫిబ్రవరి మొదటి వారం. ప్రేమికుల రోజుకు విదేశాలకు పూలు పంపే హడావిడి. సాయంత్రం బెంగళూరు విమానాశ్రయానికి వెళ్ళాల్సిన వ్యాన్ ఇంజన్ ఆపకుండా వాకిట్లో నిలబడి ఉంది. నేను పక్క గదిలో పెట్టెల మీద చీటీలు అతికిస్తున్నాను. ముందు బకెట్ దొర్లిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే “అమ్మా” అని ఒక కేక. పరుగెత్తి వెళ్ళేసరికి, పూలకు కట్టలు కట్టే మాదమ్మ నేల మీద ఉంది. చుట్టూ ఎర్రగులాబీలు. కుడిచెయ్యి ఒంటి కింద ఇరుక్కుంది. గౌరక్క అప్పటికే ఆ నీళ్ళలోనే చతికిలబడి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది.

ఆసుపత్రికి తీసుకుపోదామని గౌరక్క అంటే, మేనేజరు వ్యాన్ వైపు చూసి, నొప్పి మాత్ర ఇచ్చి ఇంటికి పంపమన్నాడు. తెల్లారేసరికి మాదమ్మ చెయ్యి వాచిపోయింది. ఆమె భర్త హోసూరులో ఆసుపత్రికి తీసుకుపోయాడు. మణికట్టు ఎముక ముక్కలైందని తేలింది. శస్త్రచికిత్స చేసినా ఆ వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. ముళ్ళ కాడలు పట్టి, ఆకు దూసి, కట్ట కట్టే పనికి ఆ చెయ్యి ఇక పనికిరాదు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

నష్టపరిహారం అడిగితే తోటవాళ్ళు కాదన్నారు. ఆసుపత్రికి మరుసటి రోజు వెళ్ళింది కాబట్టి పనిలో పడలేదని, డ్యూటీ అయ్యాక ఇంటి దగ్గర ఎక్కడో జారిందని వాళ్ళ వాదన. ఒకవేళ షెడ్డులోనే పడిందనుకున్నా, బూట్లు వేసుకోకపోవడం ఆమె తప్పేనని ఇంకో వాదన. విషయం కృష్ణగిరిలో కార్మిక శాఖ అధికారి ముందుకు వెళ్ళింది. మాదమ్మ తరఫు వకీలు గౌరక్కనూ నన్నూ సాక్షులుగా పిలిపించాడు.

మేనేజరు మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు. “సాయంత్రం డ్యూటీ అయిపోయి ఆమె వెళ్ళిపోయింది, ఆ తర్వాత మాకు తెలీదు అనండి చాలు. అబద్ధం కూడా కాదది” అన్నాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదని కూడా, మాటల్లో మాటగా, గుర్తుచేశాడు.

విచారణ రోజు కృష్ణగిరి బస్సులో గౌరక్క పక్కనే కూర్చున్నాను. భయం కంటే కోపమే ఎక్కువ. గౌరక్కతో అన్నాను: “అక్కా, నేను మాదమ్మ పడటం కళ్ళారా చూశానని చెప్తా. అప్పుడు వాళ్ళు నోరెత్తలేరు.”

ఆమె కిటికీ నుంచి తల తిప్పింది. “చూసినావా?”

“చప్పుడు విన్నాను. ఒకటే కదా.”

“ఒకటి కాదు. వినింది వినినట్ల చెప్పు. చూడనిది చూసినాను అనొద్దు. ఆ వకీలు దాన్ని పట్టుకుని లాగితే, నీ నిజమంతా దాని ఎనకే ఊడొస్తాది. మాదమ్మకి నువ్వు మేలు చేస్తా ఉండావని అనుకుంటావు. ముంచుతావు.”

 బస్సు కృష్ణగిరి కొండ కిందికి చేరేదాకా ఆమె ఏదో ఆలోచిస్తూ కూర్చుంది.

విచారణ గది చిన్నది. మాదమ్మ ఒక మూల బల్ల మీద, కుడిచెయ్యి కొంగులో దాచుకుని కూర్చుంది. గౌరక్కను చూసి ముఖం తిప్పుకుంది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ముందు నన్ను పిలిచారు. తోట తరఫు వకీలు నేరుగా అడిగాడు: “ఆమె పడుతుంటే నువ్వు చూశావా?”

“లేదు సార్. బకెట్ దొర్లిన చప్పుడు, కేక విన్నాను. వెళ్ళేసరికి నేల మీద ఉంది. వ్యాన్ ఇంకా వాకిట్లోనే ఉంది.”

ఆయన ఇంకో రెండు మాటలు అడిగి వదిలేశాడు. పట్టుకుని లాగడానికి ఏమీ దొరకలేదు.

తర్వాత గౌరక్క. ప్రశ్నలూ జవాబులూ తమిళంలో సాగాయి. మాదమ్మ డ్యూటీలోనే ఉందని, షెడ్డులోనే పడిందని, తాను చూశానని చెప్పింది. వకీలు వెంటనే బూట్ల మాట ఎత్తాడు. “పడినప్పుడు ఆమె కాళ్ళకు బూట్లు ఉన్నాయా?”

“లేవు.”

మాదమ్మ వకీలు ముఖం పాలిపోయింది. అవతలి వకీలు తృప్తిగా కూర్చోబోయాడు. అధికారి తలెత్తి, “ఎందుకు లేవు?” అని అడిగాడు.

“బూట్లు అందరికీ సరిపోవు సార్. ఆ పొద్దు ఆమె కాలికి సరిపోయే జత ఇంకొకామె వేసుకునింది. ‘ఉండక్కా, ఆమె వచ్చినాక వేసుకుని పోయి పూల బకెట్ తెస్తా’ అని మాదమ్మ నన్ను అడిగింది. వ్యాన్ కాచుకోని ఉండాది, అట్లనే పో అని చెప్పింది నేనే.”

అధికారి కలం అందుకుని ఆ మాటలు రాసుకున్నాడు. ఆ మాట ఆమె నోటినుంచి రప్పించడానికి అక్కడ ఏ ప్రశ్నా సరిపోయేది కాదు. ఆమె చెప్పకపోతే, అది ఆమెకూ మాదమ్మకూ మధ్యే ఉండిపోయేది. మాదమ్మ ముఖం ఎందుకు తిప్పుకుందో అప్పుడు తెలిసింది. బూట్లు లేకపోవడం మాదమ్మ మొండితనం కాదని, పై నుంచి వచ్చిన ఆజ్ఞ అని ఆ ఒక్క జవాబుతో తేలిపోయింది.

బయట వరండాలో మాదమ్మ గౌరక్క ఎదురుగా వచ్చి నిలబడింది.

“నువ్వే పంపినావక్కా” అంది.

“నేనే పంపినాను.”

అంతే. మాదమ్మ ఎడమచేత్తో గౌరక్క సంచి అందుకుని, బస్టాండు వైపు ముందు నడిచింది. వాళ్ళ వెనకాల నేను.

కొన్ని నెలలకు తీర్పు మాదమ్మ పక్షాన వచ్చింది. ఆ లోపే మేనేజరు గౌరక్కను పిలిచి, “మీరు మా మనిషి అనుకున్నాం గౌరమ్మా” అన్నాడు.

“మీ మనిషినే సార్. ఆ నేల సంగతి మీకి ముందే చెప్పినాను కదా” అంది ఆమె.

సూపర్‌వైజర్ పని తీసేసి ఆకులు దూసే బల్ల దగ్గరకు పంపారు. అలగలేదు, ఏడవలేదు. ఆ బల్ల దగ్గరే నిలబడి, పక్కనున్న వాళ్ళకు కాడ విరగకుండా ఆకు దూయడం నేర్పుతూ ఉండిపోయింది. అక్కడి ఆడవాళ్ళు ఏ సందేహం వచ్చినా కొత్త సూపర్‌వైజర్‌ను దాటి ఆమె దగ్గరకే వెళ్ళేవాళ్ళు. చూస్తుండగానే ఉద్దనపల్లి తోటవాళ్ళు కబురు పంపి, షెడ్డు మొత్తం ఆమె చేతిలో పెట్టారు. ఆమె నన్నూ వెంట తీసుకొచ్చింది. వచ్చీ రాగానే ముందు కాలువ తవ్వించింది.

ఆమె పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది. మత్తిగిరిలో కూతురింట్లో చివరి రోజుల్లో చూడటానికి వెళ్తే, పూల ధర అడగలేదు. “అందరూ బాగుండారా?” అని ఒక్కొక్కరి పేరు పెట్టి అడిగింది.

షెడ్డు నాకు అప్పజెప్పినప్పుడు భయపడలేదు. ఎలా నిలబడాలో చూసినదాన్ని. మొన్న వానల్లో ఒకతను పెట్టెలు మోస్తూ జారి మోకాలు కొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక, ఎలా జరిగిందని యజమాని అడిగాడు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. నేను ముందుకు వచ్చి, నా వంతు తప్పుతో మొదలుపెట్టాను.

“రెండు పెట్టెలు ఒకేసారి ఎత్తమని చెప్పింది నేనే సార్.”

అతను తలెత్తాడు. మిగిలింది తానే చెప్పాడు.